రెండువందల పన్నెండో పేరు

వారం కిందట మనం రెనీటాను మార్లో వీధి బడి వంటింట్లో, ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో ఫోనుతో వదిలిపెట్టి వచ్చాం. "మీ పాప సీటు సంగతి శుక్రవారమే తేలిపోయిందమ్మా, మీ ఇంట్లో పెద్దావిడతో మాట్లాడాం కదా!" అని పచ్చకోట్ల బడి గుమస్తా ఫోను పెట్టేసింది. ఆ పెద్దావిడ ఎవరో రెనీటాకు ఒకరు చెప్పక్కర్లేదు. కన్నతల్లి వెర్లీన్.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. డెట్రాయిట్ తూర్పుపేటలో ఈ కథకు కావలసిన బళ్లు రెండు. పేటలో పుట్టిన ప్రతి పిల్లకూ తలుపు తీసి ఉంచే మార్లో వీధి బడి ఒకటి. చీటీలు తీసి, పేరు వచ్చినవాళ్లనే చేర్చుకునే చార్టర్ బడి ఇంకొకటి. ఫీజు రెండింటిలోనూ లేదు, రెండూ నడిచేది సర్కారు సొమ్ముతోనే. రెండోదాని పిల్లలు ఆకుపచ్చ కోట్లు తొడుక్కుంటారు కనక పేటంతా దాన్ని పచ్చకోట్ల బడి అంటుంది. అక్టోబరు మొదటి బుధవారం తలలెక్క. ఆ రోజు ఏ పిల్ల ఏ బడి బల్ల మీద కూర్చుంటే, ఆ పిల్ల పేరున వచ్చే డబ్బు ఆ బడిదే. ఆ తర్వాత పిల్ల ఎటు పోయినా డబ్బు కదలదు. ఈసారి మార్లో వీధి బడిలో రెండువందల పన్నెండు తలలు లేకపోతే వేసవిలో తాళం పడుతుందని పైనుంచి కాగితం వచ్చింది. ఆ తలలెక్క రేపే.

ఆ రెండువందల పన్నెండు మందినీ ఇల్లిల్లూ తిరిగి కూడగట్టింది వెర్లీన్. ముప్పై ఒక్క ఏళ్లు ఆ బడి ఆఫీసులో పనిచేసి దిగిపోయిన మనిషి. ఇప్పటికీ ఏటా తలలెక్క ముందు జాబితా పట్టుకుని గుమ్మాలెక్కుతుంది. పిల్ల పేరు పక్కన తల్లో తండ్రో సంతకం పెడితే గాని మెట్లు దిగదు. థర్మన్ అనే మెకానిక్ తన కవల ఆడపిల్లలిద్దరికీ పచ్చకోట్ల బడిలో సీట్లు వచ్చాయని పొంగిపోతుంటే, అతని వాకిట్లో గంటన్నర నిలబడి ఆ సీట్లు వదిలేయించింది. అలాంటి మనిషి కన్నకూతురే ఇంట్లో జేలీ అని పిలుచుకునే తన తొమ్మిదేళ్ల పిల్ల అజేలియా కోసం దొంగచాటుగా పచ్చకోట్ల బడి చీటీ వేసింది. అక్కడ ఆగాం.

రెనీటా మధ్యాహ్నం పని ఎలా ముగించిందో ఆమెకే తెలియదు. మొక్కజొన్న రొట్టె ఒకసారి వేసిన పళ్లెంలోనే మళ్లీ వేసింది. బడి వదలగానే కూతురు జేలీ రెక్క పుచ్చుకుని, నాలుగు వీధులు నడిచి, తల్లి ఇంటి పక్కవాకిలి తలుపు తోసింది. ఈ ఇంట్లో ముందు తలుపు పోలీసులకూ, పాస్టరుగారికీ మాత్రమే తీస్తారు.

వంటింట్లో పొయ్యి మీద కొల్లార్డ్ ఆకుకూర ఉడుకుతోంది. బల్ల మీద జాబితా పరిచి ఉంది. పక్కన స్టీలు స్కేలు, ఎర్ర పెన్సిలు. వెర్లీన్ తలెత్తకుండానే, "చెప్పులకి బురద. తుడుచుకు రండి" అంది.

"జేలీ, నువ్వు ముందు గదిలోకెళ్లి టీవీ పెట్టుకో" అంది రెనీటా.

"హోంవర్కు చేశాక కదా టీవీ?" అంది జేలీ, అదృష్టం నమ్మలేక.

"ఇవాళ ముందే. పో."

పిల్ల ఎగురుకుంటూ పోయింది. రెనీటా కోటు విప్పలేదు, కూర్చోలేదు. "శుక్రవారం నీకు ఫోనొచ్చిందా?"

వెర్లీన్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "వచ్చింది."

"ఎవరు చేశారు?"

"తెలిసి అడుగుతావేం? పచ్చకోట్ల వాళ్లు. వాళ్ల మూడో తరగతిలో ఓ పిల్ల ఊరు మారిందట, సీటు ఖాళీ అయిందట, చీటీల్లో రానివాళ్ల వరసలో మన అజేలియా పేరు ముందుందట. నేను తెల్లబోయాను. మన అజేలియా వరసలో ఎందుకుందమ్మా అనుకున్నాను."

"వాళ్లకి నీ నంబరెలా తెలిసింది?"

"నువ్వే రాశావుటగా!" వెర్లీన్ గోడకున్న పాత ఫోను వైపు గడ్డం చూపించింది. "నా వెనకాల చీటీ వేసేదానివి, నా ఇంటి నంబరు రాస్తావుటే? దొంగతనానికెళ్లి సొంత ఇంటి తాళంచెవి అక్కడే మరిచిపోయి వచ్చినట్టుంది."

రెనీటాకు అప్పుడు గుర్తొచ్చింది. జనవరిలో కాగితం నింపుతున్నప్పుడు రెండో ఫోను నంబరు అడిగిన గడి. చేతి ఫోన్లు ఏడాదికోసారి మారతాయి, కట్టకపోతే ఆగుతాయి. ఈ గోడ ఫోను నంబరు మాత్రం రెనీటా పుట్టకముందు నుంచీ అదే. ఆసుపత్రి అయినా, కరెంటు ఆఫీసయినా, నంబరు అడిగితే చెయ్యి దానంతటదే ఈ అంకెలు రాసేస్తుంది. ఈ పేటలో సగం మంది కాగితాల మీద వాళ్ల అమ్మల నంబర్లే ఉంటాయి. తన మతిమాలినతనానికి తనకే ఒళ్లు మండింది, ఆ మంట తల్లి మీదికి తిరిగింది.

"సరే, నాదే బుద్ధితక్కువ. నా పిల్ల సీటు కాదనడానికి నువ్వెవరు? నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"కూర్చోవే."

"కూర్చోను. ఆదివారం చర్చిలో నా పక్కనే కూర్చున్నావు. నా పళ్లెంలో కోడి తొడ వేశావు. నిన్న పొద్దున నా కారు అద్దం తుడిచావు. నాలుగు రోజులు నోరు మెదపలేదు. నీ రెండువందల పన్నెండు ఎక్కడ తగ్గుతుందోనని కదూ!"

"అరవకు, పిల్ల వింటుంది."

"విననీ! దానికి వినడం ఒక్కటే వచ్చు, చదవడం రాదు." అంది రెనీటా. "ఓ రోజు గరిటె పట్టుకుని నేను ఇవతల, పళ్లెం పట్టుకుని అది అవతల. నా వెనక బోర్డు మీద ఆ రోజు వంట నా చేత్తోనే రాశాను, ఇంతింత అక్షరాలు. 'అమ్మా, ఇవాళేంటి?' అంది. 'బోర్డు చూడవే' అన్నాను. చూసింది. 'పిజ్జా' అంది. అమ్మా, బోర్డు మీద రాసింది చికెన్, చిలగడదుంప. ముందురోజు పిజ్జా కనక అదే అనేసింది. వెనకున్న పిల్లలు నవ్వారు. నేను నవ్వినట్టు మొహం పెట్టాను. తర్వాత సరుకులు దాచే చలిగదిలోకి పోయి తలుపేసుకున్నాను."

వెర్లీన్ పొయ్యి దగ్గరికెళ్లి మంట తగ్గించింది.

"మూడో తరగతికి సెప్టెంబరు నుంచి టీచరు లేదు. వారానికో కొత్త మొహం. ఒకతను ఫోను చూసుకుంటూ కూర్చుంటాడు, ఒకావిడకి పిల్లల పేర్లే తెలియవు. నువ్వేమో జాబితా పట్టుకుని ఊరేగుతున్నావు. అయినవాళ్లకి ఆకుల్లో, కానివాళ్లకి కంచాల్లో అన్నట్టు, ఊళ్లో పిల్లలందరి బాగోగులూ నీకు కావాలి. ఇంట్లో పిల్ల ఏమైపోయినా పర్వాలేదు."

"ఆ మాటనకు రెనీటా. నిన్నా బడిలోనే చదివించాను."

రెనీటా నవ్వింది. ఏడుపుకన్నా అన్యాయంగా ఉంది ఆ నవ్వు. "చదివించావా? నేను మిస్ వెర్లీన్ కూతుర్ని. ఆఫీసులో కూర్చునే ఆవిడ కూతుర్ని తప్పించే ధైర్యం ఏ టీచరుకుందమ్మా? ప్రతి జూన్‌లోనూ నా కార్డు మీద 'పాస్' అని ముద్ర వేసింది నీ చెయ్యే. నర్సింగు చదువు ఎందుకు మానేశాననుకుంటున్నావు?"

"బద్ధకం" అనబోయి ఆగింది వెర్లీన్. పన్నెండేళ్లుగా ఆ మాటే అంటోంది. పండక్కీ పబ్బానికీ, చుట్టాల ముందూ. 'మా రెనీటాకి బుర్ర ఉంది, ఒళ్లు వంగదు.'

"ఒక పేజీ చదవడానికి నాకు ముప్పావుగంట పట్టేది" అంది రెనీటా. ఈ మాట ఆమె ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, విడిపోయిన మొగుడికి కూడా. "పక్క పిల్లలు అధ్యాయం తిప్పేస్తుంటే నేను మొదటి వాక్యంలో ఉండేదాన్ని. సిగ్గేసి మానేశాను. బద్ధకం అని నువ్వంటే హాయిగా ఉండేది. మొద్దు అనడంకన్నా బద్ధకం అనడమే నయం కదా."

వెర్లీన్ కుర్చీ వెనక్కి జరుపుకుని కూర్చుంది. కూర్చోవడం కూడా ఒక్కసారిగా కాదు, బల్ల అంచు పట్టుకుని నెమ్మదిగా. డెబ్బై మూడేళ్లు ఒక్క నిమిషంలో మీద పడ్డట్టున్నాయి. ముందు గదిలో టీవీలో ఎవరో గట్టిగా నవ్వుతున్నారు.

"నాకు చెప్పాల్సిందే" అంది చివరికి.

"చెబితే ఏం చేసేదానివి?"

"తెలీదు. నీ టీచరు మీద విరుచుకుపడేదాన్నేమో. ఆ ముద్ర నా చేతిలోనే ఉండేది, దాన్నేం చేసేదాన్నో నాకు తెలీదు." కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. "నేను సీటు వద్దనలేదే."

రెనీటా తల్లి మొహంలోకి చూసింది.

"కావాలన్నాను. తీసుకుంటామన్నాను."

"అబద్ధం."

వెర్లీన్ లేచి, రొట్టెల డబ్బా కింద దాచిన కవరు తీసి బల్ల మీద పెట్టింది. మూల మీద ఆకుపచ్చ ముద్ర. "నిన్న నేనే వెళ్లి తెచ్చాను. తల్లి సంతకం కావాలన్నారు. ఇవాళ అయిదింటిలోగా వాళ్ల చేతిలో పెట్టాలి, రేపు పొద్దున పిల్ల వాళ్ల బల్ల మీదుండాలి. లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది."

ఆ బడి గడప తొక్కనని చర్చిలో నలుగురి ముందూ శపథం చేసిన మనిషి! రెనీటా ఇప్పుడు కూర్చుంది. కూర్చోక ఏంచేస్తుంది? 

"ఎందుకమ్మా?"

"గురువారం సంతకాలకి వెళ్తూ జేలీని కారులో ఎక్కించుకున్నా కదా. జాబితా దాని ఒళ్లో పెట్టి, 'తర్వాత ఎవరిల్లో పేరు చదివి చెప్పవే' అన్నాను. నేను బండి నడుపుతున్నా. అది కాగితం కేసి చూస్తుంది, కిటికీలోకి చూస్తుంది. 'కళ్లు మండుతున్నాయి అమ్మమ్మా' అంది. బండి పక్కకి ఆపాను. 'ఒక్క పేరు చదువు బంగారం' అన్నాను. కాగితాలన్నీ తిరగేసి, ఆఖరి పేజీలో ఆఖరి వరస మీద వేలు పెట్టింది. 'అజేలియా' అంది." వెర్లీన్ చెంగు లేని మనిషి, చేతి వెనకభాగంతో ముక్కు తుడుచుకుంది. "రెండువందల పన్నెండు పేర్లలో అది చదవగలిగింది ఒక్కటే. దానిదే. శుక్రవారం పొద్దున ఫోను మోగింది."

"నాకు అప్పుడే చెప్పాల్సింది."

"చెబుదామనే. ముందు ఇంకో పిల్లని దొరకబుచ్చుకుందామనుకున్నాను. ఒక్క పిల్ల దొరికితే చాలు, లెక్క నిలుస్తుంది, జేలీ వెళ్తుంది, ఎవరికీ అన్యాయం జరగదు. నాలుగు రోజులు తిరిగాను. ఎరగని వీధుల్లో కూడా తలుపు కొట్టాను. ఒక ఇంటివాళ్లు నన్ను అప్పులవాళ్ల మనిషననుకుని దీపాలార్పేశారు." ఆ మాటకి ఇద్దరికీ నవ్వొచ్చి, నవ్వు సగంలో ఆగిపోయింది. "దొరకలేదు."

గోడ గడియారం నాలుగూ పది చూపించింది. పచ్చకోట్ల బడికి కారులో ఇరవై నిమిషాలు.

రెనీటా కవరులో కాగితం తీసింది. అక్షరాలు ఎప్పటిలాగే మొదట కదిలి, తర్వాత నిలబడ్డాయి. కలం తీసుకుంది గాని చెయ్యి ముందుకు పోలేదు. "లోపల చూశావా? ఎలా ఉంది?"

"చూశాను. మూడో తరగతి తలుపు తెరిచే ఉంది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు లేచి చదువుతున్నారు. టీచరు తప్పు దిద్దుతోంది, పేర్లు పెట్టి పిలుస్తోంది. అది నిజం." అంది వెర్లీన్. "నడవాలో ఓ పిల్ల గోడకేసి మొహం పెట్టి నిలబడి ఉంది. సాక్సు రంగు తప్పట. అదీ నిజం. తలలెక్క దాటాక నవంబరులో ఏటా పదిమందిని 'మీ పిల్ల మాకు కుదరదు' అని వెనక్కి పంపుతారు. డబ్బు అక్కడుంటుంది, పిల్ల మన దగ్గరికొస్తుంది. ఇన్నేళ్లూ ఆ పిల్లలకి కుర్చీలు వేసింది నేనే."

"జేలీని పంపేస్తే?"

"అదే నా భయం. వచ్చే ఏడు పంపేస్తే కుర్చీ వెయ్యడానికి మార్లో వీధి బడి ఉండకపోవచ్చు." తల్లి కూతురి కళ్లలోకి సూటిగా చూసింది. "నీ ఉద్యోగం కూడా. అన్నీ ఆలోచించుకో. కాని నా జాబితా కోసం ఆగకు. నా లెక్క కోసం ఒకసారి నువ్వు మునిగిపోయావు. చాలు."

 పన్నెండేళ్లు ఈ ఒక్క మాట కోసమే కాచుకుని ఉన్నానని రెనీటాకు అప్పుడే తెలిసింది. తీరా వచ్చాక సంతోషం కలగలేదు, అమ్మ మీద జాలి కలిగింది.

వెర్లీన్ జాబితా దగ్గరికి లాక్కుంది. ఆఖరి పేజీ తిప్పింది. రెండువందల పదకొండు పేర్ల పక్కన సంతకాలున్నాయి. ఆఖరి వరసలో అజేలియా పేరు పక్కన, రెనీటా సంతకం పెట్టాల్సిన చోటు ఖాళీ. ఆఫీసులో ఉన్న రోజుల్లో బడి మానిన పిల్ల పేరు కొట్టేయాలంటే ఆవిడకో పద్ధతుండేది. చేత్తో గీకేసేది కాదు, అది పిల్లని అవమానించడం అనేది. స్కేలు పెట్టి, ఎర్ర పెన్సిలుతో, ఒకటే గీత. ఇప్పుడూ అలాగే స్కేలు పేరు మీద సర్దింది.  ఆగి, గాలి పీల్చుకుని, మళ్లీ సర్దింది.

"అమ్మా, నేనింకా సంతకం పెట్టలేదు" అంది రెనీటా.

"నువ్వు పెట్టేది నీ పిల్ల కోసం. ఇది నా పని." గీత తిన్నగా వచ్చింది. అజేలియా చదవగలిగిన ఒకే ఒక్క పేరు మీంచి.

పక్క తలుపు ఎవరో వేలి కణుపులతో కొట్టి, జవాబు కోసం ఆగకుండా తోశారు. థర్మన్! వంటి మీద గ్యారేజీ చొక్కా, చేతిలో నారింజ పళ్ల సంచి. రేపు పొద్దున వానులో పిల్లల్ని పోగుచేసుకు వచ్చేది అతనే. జాబితా తీసుకెళ్లడానికి వస్తానన్న సంగతి తల్లీకూతుళ్లిద్దరూ మరిచిపోయారు.

"కూర వాసన వీధి చివరికొస్తోంది మిస్ వెర్లీన్, వాకిట్లోంచి పోతుంటే కాళ్లు ఆగిపోయాయి" అన్నాడు నవ్వుతూ. "రేపటికి బండి కడిగించా. మా కవలలు రాత్రి బట్టలు వేసుకుని మరీ పడుకుంటామంటున్నారు. అందరికన్నా ముందు వాళ్లే బల్ల మీదుండాలట. మీరేం మందు పెట్టారో గాని వాళ్లకి మీరంటే పిచ్చి."

రెనీటా చెయ్యి దానంతటదే జాబితా ఆఖరి వరస మీదికి పోయింది. అరచెయ్యి పూర్తిగా కప్పింది. ఇంకో చేత్తో పచ్చముద్ర కాగితం మడవబోయింది, మడత పడలేదు.

"చెయ్యి తియ్యవే" అంది వెర్లీన్.

"అమ్మా..."

"తియ్యమన్నానా. అతన్ని చూడనీ."

రెనీటా చెయ్యి తీసింది. థర్మన్ నవ్వు మొహంతోనే వంగి చూశాడు. ముందు ఎర్ర గీత చూశాడు, తర్వాత గీత కింద పేరు, తర్వాత పచ్చముద్ర కాగితం. నవ్వు ఒక్కసారిగా పోలేదు. పోవడానికి దారి తెలియనట్టు కాసేపు మొహం మీదే ఉండిపోయింది. నారింజల సంచి నేల మీద పెట్టాడు.

"మా వాకిట్లో గంటన్నర నిలబడ్డారు మీరు" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "'మనవాళ్లమే వదిలేస్తే బడి ఎవరిదవుతుంది థర్మన్' అన్నారు. నా పెళ్లాం ఏడుస్తున్నా ఆ సీట్లు నేను వదిలేశాను. వాళ్లకి ఫోను చేసి వద్దని చెప్పింది నా నోటితో నేనే."

"అవును" అంది వెర్లీన్. "తనదాకా వస్తే గాని తత్వం బోధపడదంటారు. నాకు బోధపడేసరికి ఆలస్యమైంది. నిన్ను ఆపడం తప్పు. నీ గుమ్మంలోకొచ్చి మళ్లీ చెబుతాను, నీ భార్యకీ చెబుతాను."

"మా సీట్లు తిరిగొస్తాయా?"

 ముందు గదిలోంచి జేలీ, "ఎవరొచ్చారు అమ్మమ్మా?" అని కేకేసింది. 

థర్మన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. జాబితా తనవైపు తిప్పుకుని, నూనె మరకల వేలితో పేజీలు వెనక్కి తిప్పుతూ పోయి, ఎనభై ఏడు, ఎనభై ఎనిమిది అంకెల దగ్గర ఆగాడు. కవలల పేర్లు. పక్కన రెండు చోట్లా అతని సంతకమే. చాలాసేపు వాటినే చూశాడు. వీధిలో అతని తర్వాత ఇంటివాడు అతన్ని చూసి పెట్టాడు సంతకం, ఆ తర్వాతివాడు వాళ్లిద్దర్నీ చూసి. అతను తప్పుకుంటే వాళ్లూ తప్పుకుంటారన్న సంగతి ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

గడియారం నాలుగూ ఇరవై అయిదు. రెనీటా చేతిలో కలం మూత తీసే ఉంది.

థర్మన్ తలెత్తకుండా చెయ్యి చాపాడు. "మిస్ వెర్లీన్" అన్నాడు మెల్లిగా, "ఆ స్కేలు ఇలా ఇవ్వండి."